బండ మీది పచ్చ గీకొద్దు

చేపల తొట్ల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నా దగ్గరికి వస్తే ఏ చేప అందంగా ఉంటుంది, ఏ మోటారు ఎక్కువ కాలం నడుస్తుంది అని అడుగుతారు. చేప ఎందుకు చస్తుందని ఎవరూ అడగరు. అసలు పనంతా అక్కడే ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మధ్య బస్సుల్లో తిరుగుతూ ఇరవై ఏళ్లకు పైగా జనం ఇళ్లలో గాజుతొట్లు కట్టాను, కడిగాను, చచ్చిన చేపల్ని తీసి పారేశాను. కట్టడం, కడగడం ఎవరైనా నేర్చుకుంటారు. చచ్చిన చేపను చేతిలో పట్టుకుని ఇంటివాళ్లతో ఇది నా తప్పు వల్లే అని చెప్పడం మాత్రం తొందరగా రాదు. నాకూ రాలేదు. అది ఎలా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాకు అక్షరాలు నలభై దగ్గరపడ్డాక వచ్చాయి. కాబట్టి ఇందులో పెద్ద మాటలు వెతకొద్దు.

ఉస్తాద్

మాది గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డు. పుట్టి వేసుకుని చేపలు పట్టే ఇల్లు. చేపను పట్టడం, పొలుసు తీయడం, ముక్కలు కోయడం నాకు నడక వచ్చిన నాటి నుంచీ తెలుసు. చేపను బతికించాలని మా ఇంట్లో ఎవరికీ అవసరం పడలేదు.

గద్వాలలో కిటికీ అద్దాలు కోసే దుకాణం ఒకటి ఉండేది. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. ఎనభైలలో ఆయన పటాలకు అద్దాలు బిగించడంతో పాటు చేపల తొట్లు కట్టడం మొదలుపెట్టాడు. నన్ను పనిలో పెట్టుకున్న రోజు ఒకే మాట అన్నాడు.

“చేపలు పట్టేటోల్ల కొడుకువు. చేపల సంగతి నీకు తెల్వకుంటే ఎవనికి తెలుస్తది?”

నాకు తెలియదని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఉస్తాద్‌కు ఒక పద్ధతి ఉండేది. తొట్టి అంటించాక నీళ్లు నింపి, కింద పాత వార్తాపత్రిక పరిచి మూడు రోజులు వదిలేసేవాడు. కాగితం మీద పెసరగింజంత తడి కనిపించినా మొత్తం విప్పి మళ్లీ అంటించాల్సిందే. ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు నాగర్‌కర్నూలులో ఒక మిఠాయి దుకాణానికి తొట్టి ఇవ్వాల్సి వచ్చింది. వాళ్లు తొందరపెట్టారు. నేను ఒక్క రోజే చూసి ఇచ్చేశాను. రెండో రోజు అది కారి, కింద పెట్టిన మైసూర్‌పాక్ పళ్లెం మొత్తం తడిసింది.

ఉస్తాద్ స్వయంగా వచ్చాడు. దుకాణదారు అరుస్తుంటే ఉస్తాద్ తల వంచుకుని, “నా చేతి తప్పు సేట్, నాదే తప్పు” అన్నాడు. నా వైపు చూడనైనా లేదు. తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను.

“నా తప్పు నీదని ఎందుకు చెప్పినవ్ ఉస్తాద్?”

“పని నేర్పింది నేను గాదురా? జర ఆలోచించు. నీ తప్పంటే ఆయన నిన్ను ఇంకెన్నడు గడప తొక్కనియ్యడు. నా తప్పంటే తొట్టి బాగు చేయించుకుంటడు.” ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు. “దాచిపెట్టిన తప్పు గూడ నీళ్ల లెక్కనే కిష్టా. ఏదో సందుల నుంచి బయటికొస్తది. కింద కాగితమన్న పరుసుకోవాలె.”

విన్నాను, తల ఊపాను, మర్చిపోయాను.

నేను దాచిన సంగతి

నాకు చదువు రాదని ఉస్తాద్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఇది పైకి చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ మా పని పరాయి ఇళ్లలో, నడిమింట్లో. సంచిలో మందు సీసాలు పట్టుకుని వెళ్తాం. సీసా మీద ఏం రాసి ఉందో వీడికి తెలియదని ఇంటివాళ్లకు తెలిస్తే లోపలికి రానిస్తారా? అందుకే మందుల్ని రంగుతో గుర్తుపెట్టుకున్నాను. నీలం సీసా చేప ఒంటి మీద తెల్ల చుక్కలు లేస్తే. పసుపు సీసా రెక్కలు చిరిగితే. ఎవరైనా కాగితం చేతికిస్తే, “కండ్లద్దాలు మర్సి వచ్చిన, జర మీరే సదువుండ్రి” అనేవాణ్ణి. నాకు కళ్లద్దాలే లేవు.

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి చెప్పి ఎక్కడా దొరకకపోతే, మనిషి దాన్ని అబద్ధం అనుకోవడం మానేస్తాడు. పని నేర్పులో భాగం అనుకుంటాడు. నేను అలాగే అనుకున్నాను.

వనపర్తికి వచ్చిన సముద్రం

వనపర్తిలో ఒక డాక్టరు ఉండేవాడు. కింద దవాఖాన, పైన ఇల్లు. విశాఖపట్నంలో చదువుకున్నవాడు. అక్కడ కాలేజీలో సముద్రపు చేపల గురించి పాఠం చెప్పే స్నేహితుడు ఆయనకు ఉన్నాడు. ఆ స్నేహం వల్ల డాక్టరుకు పిచ్చి పట్టింది. సముద్రం నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఉంటే, వనపర్తిలో ఉప్పునీటి తొట్టి పెడతానన్నాడు.

తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ముల్లో సముద్రపు నీళ్లు లారీ మీద వచ్చాయి. తొట్టి అడుగున పరిచే గవ్వల పొడి, సముద్రపు రాళ్లు వచ్చాయి. చివరికి ఆక్సిజన్ నింపిన సంచుల్లో ఏడు చేపలు వచ్చాయి. అలాంటి తొట్టి నేను అంతకు ముందు చూడలేదు. అయినా, “ఇది చేస్తవా కిష్టయ్యా?” అని డాక్టరు అడిగితే, “ఎందుకు చెయ్య సారు? చేప చేపనే గద” అన్నాను.

మొదటి పాఠం నీళ్లదే. మా పాలమూరు జిల్లా ఎండకు తొట్టిలో నీళ్లు రోజుకు రెండు చెంబులు ఆవిరైపోతాయి. ఉప్పునీటి తొట్టి కాబట్టి ఉప్పునీళ్లే పోయాలని నేను డ్రమ్ములోంచి పోస్తూ వచ్చాను. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. రెండు వారాల్లో నీళ్లు ఊరగాయ కుండలా తయారయ్యాయి, మూడు చేపలు పోయాయి. డాక్టరే కనిపెట్టాడు. ఉప్పు కొలిచే గాజు గొట్టం తెచ్చి, దాని మీద ఎర్రటి గోళ్లరంగుతో గీత పెట్టి, “ఈ గీత నీళ్ల అంచుకు సరిగ్గా ఉండాలె, తగ్గిన నీళ్లకు మంచినీళ్లే పొయ్యాలె” అని నోటితో చెప్పాడు. గీత కాబట్టి నాకు అర్థమైంది. అంకె అయి ఉంటే అర్థమయ్యేది కాదు.

మిగిలిన నాలుగింటిలో మూడు, ఎండాకాలం కరెంటు కోతలకు పోయాయి. కరెంటు పోతే గాలి మోటారు ఆగుతుంది. మోటారు ఆగితే ఉప్పునీటి చేప ఎక్కువసేపు ఆగదు. సైకిల్ ట్యూబు నిండా గాలి కొట్టి, దాన్ని సన్న గొట్టానికి కట్టి బుడగలు వదిలే ఉపాయం అప్పుడే నేర్చుకున్నాను. తొట్టి చుట్టూ తడి గోనెసంచులు కట్టడం కూడా. కానీ అప్పటికి తొట్టిలో మిగిలింది ఒక్కటే చేప.

ముసలోడు

దాని పేరు బ్లెన్నీ అని డాక్టరు చెప్పాడు. అలలు వచ్చి పోయే చోట, ఒడ్డున బండల సందుల్లో నిలిచిన నీళ్లలో బతుకుతుందట. ఎండకు కాగిన నీళ్లు, వానకు పలచబడిన నీళ్లు దానికి అలవాటే. అందుకే మా చేతుల్లో కూడా బతికి బయటపడింది.

చూడటానికి అందగాడు కాదు. అరచేయంత పొడుగు, మట్టి రంగు, ఒంటి మీద చారలు. పొలుసు కనిపించదు. కళ్ల మీద చిన్న కుచ్చులు, కనుబొమల్లాగా. ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు తిప్పుతుంది. మిగతా చేపల్లా ఊరికే ఈదదు. ముందు రెక్కల మీద ఆనుకుని రాయి మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తుంటుంది. పై పెదవి దువ్వెనలా ఉంటుంది.

ఆ ఇంట్లో వంట చేసే నర్సమ్మ దానికి ముసలోడని పేరు పెట్టింది. “సూడన్నా, అరుగు మీద కూసొని అందరి తప్పులు ఎంచుతుండు” అనేది. నర్సమ్మది పెద్దమందడి. భర్త పోయాక కూతుర్ని తీసుకుని వనపర్తి వచ్చింది. దవాఖాన వెనక గదిలో ఉండేవారు. కూతురు ఎనిమిదో తరగతి. ఆ గది, ఆ పని ఉన్నంత కాలమే ఆ పిల్ల చదువు.

నేను వారానికి ఒకసారి వెళ్లేవాణ్ణి. మిగతా ఆరు రోజులూ మేత వేసేది నర్సమ్మే. ఒకసారి అది తొట్టిలోంచి ఎగిరి గచ్చు మీద పడితే, చీర కొంగు తడిపి దాంతో ఎత్తి నీళ్లలో వేసింది కూడా ఆమే. నేనైతే చేత్తో పట్టేవాణ్ణి, ఒంటి మీది జిగురు పోయేది.

ఒకనాడు ఆమె నాతో అంది.

“అన్నా, మనం ఏసే మేత గోలీలు ముసలోడు సరిగ్గ తింటలేడు. పొద్దుందాక ఆ రాయినే నాకుతుండు.”

“ఆడుకుంటది నర్సమ్మా. చేపలు గట్లనే చేస్తయి.”

“ఆడుకునేది నాకు తెల్వదా? నాకైతే రాయి మీద ఏదో తింటున్నట్టే అనిపిస్తున్నది.”

“నువ్వు వంట చెయ్యి. చేపల సంగతి నాకిడువు.”

ఆరు రోజులు చూసిన మనిషి మాటను, ఒక్క గంట చూసిన నేను కొట్టేశాను. మీరు ఈ తప్పు చేయకుండా ఉంటే చాలు, ఇందులో మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు.

తోమడం

మంచినీటి తొట్ల పనివాడికి ఒక గర్వం ఉంటుంది. పాచి కనిపించకూడదు. గాజు మీద వేలు పెడితే కిర్రుమనాలి. మేం కడిగిన తొట్టి పక్కన నిలబడి జనం తల దువ్వుకోవాలి. ఉస్తాద్ దుకాణానికి ఆ పేరు తెచ్చింది నేనే.

డాక్టరు స్నేహితుడు విశాఖ నుంచి వస్తున్నాడని కబురు వచ్చింది. “తొట్టి జర మంచిగ కనబడాలె కిష్టయ్యా” అన్నాడు డాక్టరు. అంతకు కొన్ని వారాల ముందే ఆ స్నేహితుడి దగ్గరి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులోంచి మూడు ముక్కలు డాక్టరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, తొట్టి పక్క గోడకు అంటించాడు.

“చదివినవా?” అని అడిగాడు ఆ రోజు.

“చదివిన సారు” అన్నాను.

స్నేహితుడు వస్తున్నాడని రాళ్లన్నీ బయటికి తీశాను. కొబ్బరి పీచు, ఇసుక పెట్టి తోమాను. పచ్చగా, వెల్వెట్ గుడ్డలా పట్టిన పాచి అంతా ఊడి పోయింది. రాళ్లను మిద్దె మీద ఎండలో ఆరబెట్టాను. వెనక గాజు కూడా గీకాను. సాయంత్రానికి ఆ రాళ్లు ఉడికిన అన్నంలా తెల్లగా మెరిశాయి. డాక్టరు చూసి భుజం తట్టాడు. దవాఖానకు వచ్చినవాళ్లు కూడా పైకి వచ్చి చూసి వెళ్లారు.

ఆ స్నేహితుడికి ఏదో పని పడి రాలేదు. వచ్చి ఉంటే ఆ రోజే పట్టుకునేవాడు. రాలేదు కాబట్టి, మెప్పు మరిగిన నేను ప్రతి వారం రాళ్లు తోమడం అలవాటు చేసుకున్నాను. పచ్చ రంగు గోరంత కనబడినా ఊరుకునేవాణ్ణి కాదు.

నెలన్నర గడిచింది. ముసలోడి పొట్ట లోపలికి పోయింది. తల పెద్దది, ఒళ్లు పుల్ల. రాయి మీద కూర్చోవడం మాని మూలన పడి ఉండేది. గోలీలు గవ్వల పొడి మీద అలాగే పడి బూజు పట్టేవి.

డాక్టరుకు కనబడింది ఆ బూజు పట్టిన గోలీలే. వేళకు వేయడం లేదని, ఒకేసారి గుప్పెడు పోస్తోందని నర్సమ్మను అనడం మొదలుపెట్టాడు. అప్పటికే ఆమె మీద ఇంకో తప్పు ఉంది. మిద్దె మీద ఉన్న సముద్రపు నీళ్ల డ్రమ్ము మూతను ఒడియాలు ఆరబెట్టడానికి తీసి, మళ్లీ పెట్టలేదు. పైన పల్చటి గుడ్డ కట్టి వదిలేసింది. లారీ మీద తెచ్చిన నీళ్లు పాడు చేసిందని నేనే డాక్టరుకు చెప్పాను.

“సదివి ఇనిపియ్యి”

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి డాక్టరు తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. నర్సమ్మ తలుపు దగ్గర.

“దీనికి ఇంక నాలుగైదు రోజులే” అన్నాడు డాక్టరు. ఆయన కోపం అరుపుల్లో ఉండదు, మాట నెమ్మదవుతుంది. “ఏడు తెచ్చిన. ఒక్కటి మిగిలింది. దానికి తిండి పెట్టుడు గూడ చాతకాకపోతే ఎట్ల? ఇది పోతే నర్సమ్మా, నువ్వు గూడ మీ ఊరికి పోవచ్చు. పిల్ల పరీక్షలు అయ్యేదాక ఉండు, తర్వాత వేరే మనిషిని సూసుకుంట.”

“నేను వేళకే ఏస్తున్న సారు. అది తింటలేదు.”

“ఎట్ల చెయ్యాలెనో గోడ మీద రాసిపెట్టిన.”

“నాకు సదువు రాదు గద సారు.”

“కిష్టయ్యకొస్తది. కిష్టయ్యా, ఆమెకు సదివి ఇనిపియ్యి. మూడే ముక్కలు. ఏ ముక్క తప్పిందో ఆమెనే చెప్పనియ్యి.”

నేను కాగితం ముందుకు వెళ్లాను. ఉప్పుగాలికి అంచులు పసుపుపచ్చగా మారాయి. మూడు వరుసలు. మొదటిది పొడుగు, రెండోది ఇంకా పొడుగు, మూడోది పొట్టి. నాకు తెలిసింది అంతే. కళ్లద్దాల అబద్ధం ఆ ఇంట్లో అప్పటికే మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి కూడా చెల్లేదే. డాక్టరు నన్ను అనుమానించడం లేదు. నేను ఏదో ఒకటి చెప్పినా, వేళకు మేత వేయాలని ఉంది సారూ అన్నా, నర్సమ్మ నమ్మేది.

ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవడం లేదు. నా మొహంలోకి చూస్తూ అంది.

“సదువన్నా. అండ్ల నా తప్పేమున్నదో నేను గూడ ఇంట.”

ఆ కాగితం తనను కాపాడుతుందని ఆమె అనుకుంటోంది. ఎందుకో నాకు మైసూర్‌పాక్ పళ్లెం ముందు తల వంచుకున్న ఉస్తాద్ గుర్తొచ్చాడు.

“సారు, నాకు సదువు రాదు” అన్నాను.

“ఏంది?”

“రాదు సారు. ఆనాడు సదివిన అని అబద్ధం చెప్పిన. ఈ కాగితంల ఏమున్నదో నాకు తెల్వదు.”

డాక్టరు తనే కాగితం వైపు తిరిగి చదివాడు. మొదటి ముక్క, తగ్గిన నీటికి మంచినీళ్లే పోయాలి. అది జరుగుతోంది. రెండోది, బండ మీది పచ్చ గీకొద్దు, ఈ చేపకు తిండి అదే.

మూడోది ఆయన చదవలేదు. తొట్టిలోని తెల్లటి రాళ్లను చూశాడు.

“ఎవరు గీకిన్రు?”

“నేనే సారు. వారం వారం తోమిన.”

నర్సమ్మే ముందు మాట్లాడింది.

“అంటే రోజు దాని అన్నంగిన్నె తోమి బోర్లిచ్చినవన్నట్టు. నేను పదేండ్ల సంది గిన్నెలు తోముతున్న. తినకముందు తోమలే ఎన్నడు.”

తొట్టిలో చెయ్యి పెట్టి ఒక రాయిని తిప్పి చూశాను, అడుగున కూడా పచ్చ లేదు.

డ్రమ్ము

డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. “పాచి మళ్ల పట్టాలంటే రెండు వారాలన్న కావాలె. ఇది అన్ని రోజులు ఆగదు” అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికయ్యేది.

“సారు, పచ్చ అంటే పాచేనా?” అని అడిగింది నర్సమ్మ.

“పాచే.”

“చెరువుల పాచి పనికొస్తదా?”

“చెరువుది గాదు. ఉప్పునీళ్లల్ల పట్టింది కావాలె.”

“గట్లయితే మిద్దె మీద ఉన్నది గద. మూత తీసిన డ్రమ్ముల. లోపల గోడలకు ఇంత మందం పట్టింది. నీళ్లు ఖరాబు చేసినవని నన్ను తిడితిరి గద మీరిద్దరు.”

ముగ్గురం మిద్దె ఎక్కాం. గుడ్డ తీసి చూస్తే, సగం తరిగిన నీళ్ల కింద, తెల్ల డ్రమ్ము లోపలి గోడ నిండా పచ్చటి పొర. మూత లేదు కాబట్టి ఎండ పడింది, ఎండ పడింది కాబట్టి పట్టింది. మూతలు గట్టిగా బిగించిన మిగతా డ్రమ్ములు శుభ్రంగా ఉన్నాయి. నేను ఎలా ఉంచమన్నానో అలాగే, ఎందుకూ పనికిరాకుండా ఉన్నాయి.

గీకి తెస్తే పాచి ముక్కలై నీళ్లలో తేలిపోతుంది. ఈ చేప తేలేది తినదు, అంటుకున్నదాన్నే గీరుకుని తింటుంది. అందుకే డ్రమ్మునే కోయాలి. డాక్టరును అడిగాను. ఆ డ్రమ్ము ఎంత దూరం నుంచి వచ్చిందో ఆయనకు గుర్తున్నట్టుంది, దాని అంచు మీద ఓసారి చెయ్యి వేశాడు.

“కొయ్యి” అన్నాడు.

నీళ్లు బిందెల్లోకి తోడి, రంపంతో డ్రమ్మును నిలువునా జానెడు వెడల్పు పట్టీలుగా కోశాను. ఆరిపోకుండా పట్టీల మీద నర్సమ్మ ఉప్పునీళ్లు చల్లుతూ ఉంది. ఒక పట్టీని తొట్టిలో ఏటవాలుగా నిలబెట్టి, అడుగున రాయి పెట్టాను. మిగిలినవాటిని ఉప్పునీళ్ల టబ్బులో వేసి ఎండలో ఉంచాం.

ముసలోడు మూలలోంచి కదల్లేదు. ఆ రోజు నేను గద్వాల వెళ్లలేదు. దవాఖాన బెంచీ మీదే ఉండిపోయాను. పొద్దున్నే పై నుంచి నర్సమ్మ గొంతు వినిపించింది.

“అన్నా, ముసలోడు ముద్ద ముట్టిండు.”

వెళ్లి చూశాను. చేప ఇంకా మూలనే ఉంది. కానీ పట్టీ కింది అంచున, పచ్చ పొర మీద సన్నటి గీతలు ఉన్నాయి. దువ్వెనతో దువ్వినట్టు. మూడు చోట్ల. నేను చూస్తుండగానే అది మెల్లగా జరిగి వచ్చి నాలుగో గీత గీసింది.

నారుమడి

మేత పద్ధతి రాసి పెడతాను, ఉప్పునీటి తొట్టి పెట్టేవాళ్లకు పనికొస్తుంది. బ్లెన్నీని కొత్త తొట్టిలో వేయొద్దు. పాచి పట్టిన పాత తొట్టిలోనే వేయాలి. ఎదురుగా ఉన్న గాజు ఒక్కటే తుడవండి, మనిషికి చూడ్డానికి అది చాలు. పక్కలు, వెనక, రాళ్లు దానివి. ఎండ తగిలే చోట ఒక టబ్బులో ఉప్పునీళ్లు పోసి నాలుగు రాళ్లు ఉంచండి. తొట్టిలో రాయి తెల్లబడితే దాన్ని టబ్బులోకి, పచ్చబడినదాన్ని తొట్టిలోకి మార్చండి. మేం దాన్ని నారుమడి అనేవాళ్లం. ఏ రాయి ఎప్పుడు మార్చాలో నర్సమ్మ చూసుకునేది, నేను చూసుకునేది కాదు.

చాలకపోతే పాలకూర ఆకును వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి, రాయికి కట్టి వేయొచ్చు. కట్టడానికి గద్వాల మగ్గాల దగ్గర రాలిన తెల్ల నూలు తెచ్చేవాణ్ణి. రంగు నూలు వాడొద్దు, రంగు నీళ్లలోకి దిగుతుంది. సాయంత్రానికి మిగిలిన ఆకు తీసేయాలి. గోంగూర పెట్టొచ్చా అని నర్సమ్మ అడిగింది. పెట్టి చూశాం. ముసలోడు నోట్లోకి తీసుకుని ఊసేసి, మా ఇద్దర్నీ చెరో కంటితో చూశాడు.

మూడు వారాలకు దాని పొట్ట నిండింది. మళ్లీ రాయెక్కి కూర్చుంది.

డాక్టరు నర్సమ్మకు తప్పయిందని చెప్పలేదు. ఆ కాలంలో పనివాళ్లకు అలా ఎవరూ చెప్పేవారు కాదు. అది సరైనదని నేను అనను. కానీ ఆ తర్వాత తొట్టి గురించి ఏదైనా అడగాలంటే ముందు ఆమెను అడిగి, తర్వాత నన్ను అడిగేవాడు. ఊరికి పొమ్మన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆ పిల్ల పదో తరగతి ఆ గదిలో ఉండే చదివింది.

నన్ను కూడా మాన్పించలేదు. “రాదని ముందే చెప్పి ఉంటే నోటితో చెప్తుంటి గద” అన్నాడు, అంతే. ఉస్తాద్‌కు జరిగింది చెబితే ఆయన అద్దం కోయడం ఆపి, “కాగితం పరుసుకోమంటిని గద” అని మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ తర్వాత గద్వాలలో మా వాడలో పెద్దలకు చదువు చెప్పే కేంద్రం తెరిచారు. వెళ్లి కూర్చున్నాను. సాయంత్రం పూట, మగ్గం గుంటల్లోంచి లేచి వచ్చినవాళ్లు, పొలం నుంచి వచ్చినవాళ్లు, నేను. మోకాళ్ల మీద పలక పెట్టుకుంటే సిగ్గేసింది. డాక్టరు రాసిన మూడు ముక్కలూ, ఆ రోజు ఆయన చదవని ‘తొట్టికి మూత ఉంచాలి’ అన్న మూడోదానితో సహా, నాకు నోటికి వచ్చు కాబట్టి, వాటినే రాయించమని అక్కడ చదువు చెప్పేవాణ్ణి అడిగాను. వాచకంలో లేదు కదా అన్నాడు. నా దగ్గర ఉందని చెప్పాను.

ఆ చేప ఇంకా నాలుగేళ్లు బతికింది. చివరికి ముసలితనంతోనే పోయింది. ఒక పొద్దున రాయి మీదే కూర్చున్నట్టు ఉంది, కళ్లు మాత్రం ఇటూ అటూ కదలడం లేదు. డాక్టరు మళ్లీ సముద్రం తెప్పించలేదు. తొట్టి విప్పడానికి వెళ్లిన రోజు గోడ మీది కాగితం చింపకుండా ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు అది నా దగ్గరే ఉంది. దాని మీద మొదటి మూడు వరుసలు డాక్టరువి. నాలుగోది నాది. పలక వదిలి కాగితం మీద నేను రాసిన మొదటి మాట. అక్షరాలు కిందికి జారిపోయాయి, కానీ చదవొచ్చు.

డ్రమ్ముకు మూత పెట్టొద్దు. నర్సమ్మ చెప్పింది.